ఏటి దిగువకు అమ్ముట

ఆంగ్ల భాషలో మోసపోవుటను గూర్చిన పలుకుబళ్లు చాలగా నున్నవి. కన్నులమీదికి ఉన్ని లాగుట, గోతములోని పందిపిల్లను చూడకయే కొనుట, గాలమును దారముతోను సీసపుగుండుతోను సహా మ్రింగుట మొదలగువానిని మన విద్యార్థులు కంఠస్థము చేసి పరీక్షలలో వ్రాసి వచ్చుచున్నారు. వీనిలో పెక్కు నవ్వునుండి పుట్టినవి. సంతలో మోసపోయినవానిని చూచి ఊరు నవ్వును. ఆ నవ్వే కాలక్రమమున మాటగా నిలిచెను. కాని అదే పట్టికలో, అదే తేలికతో, నవ్వునకు తావులేని మాటయొకటి చేరియున్నది. ‘సోల్డ్ డౌన్ ది రివర్’ అనునది ఆ మాట. తెలుగున మాటకు మాట చెప్పుదుమేని ‘ఏటి దిగువకు అమ్మబడుట’ యగును. దీనికి వంచింపబడుట, ద్రోహమునకు గురియగుట అని అర్థము చెప్పుచున్నారు. అర్థము సరియైనదే గాని, ఆ యేరెక్కడిది, అమ్మినవాడెవ్వడు, అమ్ముడుపోయినవాడెవ్వడు అను సంగతి తెలియనివానికి ఆ మాట బరువు తెలియదు. బరువు తెలియక వాడిన మాట వ్యర్థమగును.

ఆ యేరు అమెరికా సంయుక్త రాష్ట్రముల నడుమ ఉత్తరమునుండి దక్షిణమునకు పారు మిసిసిపీ మహానది. ఎగువనున్న వర్జీనియా, మేరీలాండు, కెంటకీ మొదలగు రాష్ట్రములలో నల్లజాతి బానిసలచే పొగాకు మున్నగు పైరులు చేయించుచుండిరి. 1793లో ఈలై విట్నీ అనునాతడు ప్రత్తినుండి గింజలను వేరుచేయు యంత్రమును నిర్మించిన పిమ్మట దిగువ రాష్ట్రములగు మిసిసిపీ, అలబామా, లూయిసియానాలలో ప్రత్తిసేద్యము కార్చిచ్చువలె వ్యాపించెను. ఎంత ప్రత్తి పండినను కొనుటకు ఇంగ్లండులోని లంకాషైర్ మిల్లులు సిద్ధముగా నుండెను. ఆఫ్రికానుండి క్రొత్తగా బానిసలను తెచ్చుట 1808 మొదలు చట్టవిరుద్ధమయ్యెను. దిగువవారికి పనిచేయు చేతులు చాలవయ్యెను. ఎగువవారికి పొగాకు నేలల సారము తఱిగి బానిసలు మిగిలిరి. కొఱతయు మిగులును ఏకమైనచోట వర్తకుడు ప్రవేశించును. అట్లే ప్రవేశించెను.

ఈ విధముగా అమ్మకముచే గాని, యజమానుల వెంట గాని, 1790 మొదలు 1860 వఱకు దక్షిణమునకు తరలింపబడినవారు సుమారు పదిలక్షల మందియని చరిత్రకారులు లెక్కించియున్నారు. కొందఱిని పడవలలో ఎక్కించిరి. కొందఱిని ఓడలలో త్రిప్పి తెచ్చిరి. కొందఱిని సంకెళ్లతో బారులుగట్టి వందలకొలది మైళ్లు నడిపించిరి. న్యూ ఆర్లియన్స్ నగరము ఈ వర్తకమునకు పెద్ద సంతయై వెలసెను. ఆలుమగలు వేర్వేరు బేరగాండ్ర పాలైరి. పసిబిడ్డ ఒక దిక్కునకు, తల్లి మఱియొక దిక్కునకు పోయిరి. దిగువకు పోయినవాని జాడ ఎగువనున్న తన వారికి తెలియుట అరుదు. తిరిగివచ్చుట అంతకన్న అరుదు. కావుననే ఎగువనున్న యజమానులకు కొరడాకంటె ఈ మాట పెద్ద ఆయుధమయ్యెను. “నిన్ను ఏటి దిగువకు అమ్మెదను” అన్నంతనే ఎంతటి మొండివాడును లొంగిపోవుచుండెను.

ఈ భయమును దగ్గఱనుండి యెఱిగిన రచయిత మార్క్ ట్వేన్. ఆయన మిసిసిపీ తీరమున హానిబాల్ పట్టణమున పెరిగినవాడు. అదే నదిపై ఆవిరిపడవ నడిపినవాడు. 1894లో వెలువడిన ‘పడ్డన్‌హెడ్ విల్సన్’ నవలలో ఈ పలుకుబడికి మూలమైన సంగతియంతయు కన్నులకు గట్టును. ఆ నవలలో యజమానుడొకడు ఇంటిలో చిల్లర దొంగతనము జరిగినదని, దొంగ యొప్పుకొననిచో అందఱిని దిగువకు అమ్మివేయుదునని బెదిరించును. దోషులు గడగడలాడుచు కాళ్లపైబడి ఒప్పుకొందురు. అతడు వారిని దిగువకు పంపక ఆ యూరనే అమ్మివేసి, తానెంతో దయచూపితినని మురిసిపోవును. మనుష్యులను అమ్ముటయు దయగా తోచునంతగా ఆ దిగువ భయంకరమైనదని రచయిత చెప్పక చెప్పెను.

కథ అంతటితో ఆగదు. ఆ యింట దాసిగానుండి పిమ్మట విముక్తిపొందిన రాక్సానా యను స్త్రీకి కుమారుడు కలడు. అతడు జూదములో అప్పులపాలై నాశనమగు స్థితికి వచ్చును. తల్లి తన స్వేచ్ఛను తానే త్యజించి, “నన్ను ఎగువ నాడులలో మంచి కమతమున అమ్ము, ఆ సొమ్ముతో అప్పు తీర్చుకొని, ఏడాదిలో తిరిగి కొనుము” అని తన్ను తాను అప్పగించును. కుమారుడు సరేయని, దొంగ పత్రము పుట్టించి, అర్కాన్సాస్ దేశపు ప్రత్తితోట యజమానికి ఆమెను అమ్మివేయును. ఎగువకే పోవుచున్నానని నమ్మి ఆమె పడవ యెక్కును. ఆమె పూర్వము ఆవిరిపడవలపై కొలువుచేసినది. నీటి పోకడ తెలిసినది. ఆమె చూపు నీటిపై పడినంతనే ప్రవాహము ఏ వైపు పోవుచున్నదో, పడవ ఏ వైపు పోవుచున్నదో తెలిసిపోవును. ఎవ్వరును ఆమెకు నిజము చెప్పలేదు. నీరు చెప్పెను. తల వాల్చి, దిగువకు అమ్ముడుపోయితినని దేవుని తలచుకొనును.

ఇది కల్పితగాథయని తోసివేయుటకు వీలులేదు. న్యూయార్కు రాష్ట్రమున సారటోగా పట్టణమున సాలమన్ నార్తప్ అను స్వతంత్రుడైన నల్లజాతీయుడు భార్యాబిడ్డలతో నివసించుచుండెను. ఫిడేలు వాయించుటలో నేర్పరి. 1841లో ఇద్దఱు అపరిచితులు వచ్చి, సర్కసు బృందమున వాద్యకారుడుగా చేరినచో మంచి జీతమిత్తుమని ఆశపెట్టి వాషింగ్టను నగరమునకు తోడ్కొనిపోయిరి. అక్కడ మత్తుమందు పాలయి, మేల్కొనునప్పటికి ఆతడు బానిసవర్తకుని కొట్టడిలో సంకెళ్లలో నుండెను. స్వేచ్ఛను గూర్చి ఉపన్యసించు శాసనసభాభవనము కనుచూపుమేరలోనే యుండెను. ఓడనెక్కించి న్యూ ఆర్లియన్సుకు చేర్చి, పేరుమార్చి అమ్మిరి. 12 సంవత్సరములు లూయిసియానా తోటలలో బ్రదికి, 1853లో విముక్తుడై ఆతడు తన కథ గ్రంథముగా ప్రకటించెను. తన్ను అమ్మిన వర్తకునిపై వాషింగ్టనులో అభియోగము తెచ్చినప్పుడు, నల్లజాతివాని సాక్ష్యము తెల్లవానిపై చెల్లదని న్యాయస్థానము ఆతని నోరు మూసెను. మోసమునకు చట్టము కాపలాగా నిలిచిన కాలమది.

1865లో అమెరికా రాజ్యాంగమునకు 13వ సవరణ వచ్చి బానిసత్వము రద్దయ్యెను. మాట మాత్రము మిగిలెను. 1927లో వుడ్‌హవుస్ అను ఆంగ్ల హాస్యరచయిత ధనవంతురాలిని పెండ్లాడిన పురుషుని గూర్చి వేళాకోళముగా ఈ మాట వాడెను. అరువది యేండ్లు గడచినంతనే సంకెళ్ల చప్పుడు నవ్వులలో కలిసిపోయెను. నేడు క్రీడాకారుని జట్టునుండి తప్పించినను, దుకాణములో నాసిరకపు వస్తువు అంటగట్టినను ఈ మాటనే వాడుచున్నారు. ఇది తగదని మా యభిప్రాయము. దుకాణములో మోసపోయినవానికి టోపీ పెట్టిరి, నామము పెట్టిరి, శఠగోపము పెట్టిరి, చెవిలో పువ్వు పెట్టిరి అని మన భాషలోనే ఎన్నియో మాటలు గలవు. అంగడివాని పనికి అంగడి మాటలు చాలును.

అట్లయిన ‘ఏటి దిగువకు అమ్ముట’కు తెలుగున సమానమైన మాటయేది? ‘నట్టేట ముంచుట’ యని చాలమంది చెప్పుదురు. రెండిటను ఏరున్నది, రెండిటను నమ్మకద్రోహమున్నది. గోదావరీ కృష్ణలను పడవలపై దాటిన జనుల నోట ఇట్టి మాట పలుకుట సహజమే. సరంగును నమ్మి పడవ యెక్కినవానికి నడియేట దిక్కెవ్వరు? కాని భేదమును గమనింపవలెను. నట్టేట ముంచినవానికి వెల ముట్టినదని ఆ మాటలో లేదు. మునిగినవాని కష్టము మునకతో తీరును. దిగువకు అమ్మినవాడు రొక్కము లెక్కపెట్టుకొని యింటికి పోవును. అమ్ముడుపోయినవాడు బ్రదికియుండి మఱియొకని పొలమున చెమటోడ్చును. అమ్మకమే ఆ మాటకు ప్రాణము.

అమ్మకమనగనే మనకు హరిశ్చంద్రుడు స్మరణకు వచ్చును. కాశీ వీధులలో ఆలిని అమ్మినవాడాతడు, తన్నును అమ్ముకొనినవాడు. ఆ ఘట్టము రంగస్థలముపై చూచి కంటతడిపెట్టని తెలుగువాడుండడు. అయినను హరిశ్చంద్రుడు చంద్రమతిని వంచించెనని ఎవ్వరును అనరు. ఎక్కడికి, ఎందులకు, ఎవ్వరికి అమ్ముచున్నాడో ఆమెకు తెలియును. అమ్మినవాడు తానును అంతకన్న హీనమైన దాస్యమునకు పోయెను. సత్యము నిలుపుటకు జరిగిన అమ్మకము కష్టకథయైనది. అసత్యముతో జరిగిన అమ్మకము రాక్సానా కథయైనది. ఈ రెండిటి నడుమనున్న దూరమే ఆ ఆంగ్లపు మాటయొక్క అర్థము.

కావున ఈ మాటను వాడదలచినవాడు మూడు సంగతులు విచారింపవలెను. అమ్మినవాడు నమ్మదగినవాడై యుండెనా? వానికి వెల ముట్టెనా? పోయినవానికి తిరిగివచ్చు దారి మూయబడెనా? మూడును కలిసినచోట ఈ మాట వాడుట న్యాయము. 1938 సెప్టెంబరులో మ్యూనిక్ నగరమున జరిగిన ఒడంబడికకు ఇది చక్కగా అన్వయించును. చెకోస్లొవేకియాకు ఫ్రాన్సు సంధిబద్ధమైన మిత్రదేశము. ఆ ఫ్రాన్సును బ్రిటనును జర్మనీ ఇటలీలతో కూర్చుండి, సుడేటన్ ప్రాంతమును జర్మనీకి వ్రాసియిచ్చిరి. చెక్ ప్రతినిధులను సభలోనికి రానీయక హోటలులో కూర్చుండబెట్టిరి. తమకు శాంతి దక్కునన్నదే అమ్మినవారు ఆశించిన వెల. ఆఱు నెలలు తిరుగకమునుపే, 1939 మార్చిలో, చెక్ దేశమున మిగిలిన భాగమును జర్మనీ ఆక్రమించెను. శాంతియు దక్కలేదు.

అమెరికా కథ మనకేలయని చదువరులు అడుగవచ్చును. మిసిసిపీ తీరమున బానిస యేరిన ప్రత్తి లంకాషైరున బట్టయై మన రేవులలో దిగి మన నేతగాని మగ్గమును ఆపినది. ఇది యొక సంబంధము. రెండవది ఇంతకన్న దగ్గఱిది. బ్రిటిషు సామ్రాజ్యమున 1834లో బానిసత్వము రద్దగుటయు, మారిషసు దీవి చెఱకుతోటలకు మనదేశపు కూలీలను ఒప్పందముపై పంపుట ప్రారంభమగుటయు ఒకే యేట జరిగెను. 1860 మొదలు నేటాలుకును, 1879 మొదలు ఫిజీకిని ఓడలు పోయెను. ఫిజీకి మద్రాసునుండి 1903లో మొదలయ్యెను. ఆ యోడలలో మన తెలుగువారును ఉండిరి. ఆంగ్లమున ‘అగ్రిమెంట్’ అను మాట కూలీల నోట గిరిమిటియై, ఫిజీలో వారి బ్రదుకునకే పేరయ్యెను.

న్యాయముగా చెప్పవలసినయెడల గిరిమిటి బానిసత్వము కాదు. దానికి అయిదేండ్ల గడువుండెను, జీతముండెను, అధికారి యెదుట సమ్మతి తెలుపవలెనను నిబంధనయుండెను. కాని మనిషిని కుదిర్చినందులకు తలకింతయని దళారికి ముట్టుచుండెను. దూరమును తగ్గించి, జీతమును పెంచి, పనిని తేలికచేసి చెప్పుట వాని వృత్తి. అక్షరము రానివాడు వేలిముద్ర వేసెను. సముద్రముపై కొన్ని వారములు గడచిన పిమ్మటగాని తానెంత దూరము పోవుచున్నాడో వానికి తెలియలేదు. 1912లో గోఖలే మహాశయుడు ఈ పద్ధతినే ఎత్తివేయవలెనని కేంద్ర శాసనసభలో తీర్మానము తెచ్చి ఓడిపోయెను. 1916లో మదనమోహన మాలవీయ పండితుడు మఱల తెచ్చినప్పుడు ప్రభుత్వము తలయొగ్గెను. 1917లో కూలీలను చేర్చుకొనుట ఆగిపోయెను. 1920 జనవరి 1వ తేదీన ఫిజీలో మిగిలిన ఒప్పందములును రద్దయ్యెను. మారిషసున నేడు ఉగాది ప్రభుత్వపు సెలవుదినము. పోయినవారి సంతతి ఆ నేలను తమదిగా చేసికొన్నందులకు గర్వింతుము. అది వారి ఘనత. దళారి చేసిన మేలు కాదు.

ఇది ముగిసిన కథయైనయెడల ఈ వ్యాసము అవసరములేదు. 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు బయటపెట్టిన సంగతి పాఠకులకు జ్ఞప్తియందుండును. డేటా ఎంట్రీ ఉద్యోగములని ఆశపెట్టి మన యువకులను కంబోడియాకు తరలించిరి. అక్కడ పాసుపోర్టులు లాగికొని, ప్రహరీల నడుమ నిర్బంధించి, టెలిఫోనుపైనను ఇంటర్నెట్టుపైనను తమ దేశస్థులనే మోసగించు పని చేయించిరి. ఒప్పుకొననివారిని హింసించిరి. కంబోడియాలో కనీసము లక్షమంది, మయన్మారులో కనీసము లక్షా ఇరువదివేలమంది ఇట్టి నిర్బంధములో నుండవచ్చునని 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము అంచనా వేసెను. వీరు పలు దేశములవారు. నార్తపునకు ఫిడేలు ఆశ చూపిరి. వీరికి కంప్యూటరు ఆశ చూపిరి. పూర్వము అమ్ముడుపోయినవానిచేత ప్రత్తి యేరించిరి. ఇప్పుడు అమ్ముడుపోయినవానిచేతనే మఱియొకని మోసగింపించుచున్నారు. మోసపోయినవాడు నేరస్థుడై తిరిగివచ్చుట ఈ క్రొత్త దిగువయందలి విశేషము.

ఇట్టి వార్త వచ్చినప్పుడు మన పట్టణములలో వినబడు మాటయొకటి కలదు: “చదువుకొన్నవాడు ఎట్లు మోసపోయెను? ఆశకు పోయినాడు, అనుభవింపనీ.” ఈ మాటను మేము ఖండించుచున్నాము. అంగడి మోసమును చూచి నవ్విన నవ్వునే ఇక్కడను నవ్వుచున్నారు. ఉన్న ఊరిలో పని దొరకనివాడు పనిని ఆశించుట దురాశ కాదు. పైగా దళారి అపరిచితుడై రాడు. పెక్కుసార్లు పొరుగూరివాడో, స్నేహితుని స్నేహితుడో, దూరపు చుట్టమో యగును. నమ్మకము లేనిదే అమ్మకము సాగదు. దోషము నమ్మినవానిది గాదు. ఆ నమ్మకమునకు వెల కట్టినవానిది.

అయినను దోషియెవ్వడో తెలిసినంతమాత్రమున పడవ వెనుకకు తిరుగదు. రాక్సానా నేర్పిన పాఠము ఇక్కడ పనికివచ్చును. ఆమెకు చెప్పిన మాట ఎగువ, పత్రము దొంగది, నీరు మాత్రము అబద్ధమాడలేదు. ఆమె నీటిని చూచునప్పటికి పడవ రేవు దాటియుండెను. మనవారు రేవునందే చూడవలెను. ఉద్యోగమని చెప్పి పర్యాటకునకిచ్చు వీసా చేతికిచ్చినప్పుడే నీరెటు పోవుచున్నదో తెలియును. చేరవలసిన నగరము ఒకటని చెప్పి, టిక్కెట్టుపై మఱియొక నగరమున్నప్పుడు తెలియును. జీతము నోటిమాటగాను, రుసుము రొక్కముగాను ఉన్నప్పుడు తెలియును. విదేశోద్యోగములకు మనుష్యులను కుదుర్చువారు ప్రభుత్వమువద్ద నమోదు కావలెనని 1983 నాటి వలస చట్టము విధించినది. నమోదు పత్రము చూపుమన్నంతనే దళారి కోపగించుకొన్నచో, అదియు నీటి పోకడయే.

ఈ పని ప్రభుత్వమొక్కటే చేయగలది కాదు. పత్రిక నలుగురికి చదివి వినిపించుటకును, అక్షరము రానివానికి అర్జీ వ్రాసిపెట్టుటకును మన పెద్దలు ఊరూర పఠనమందిరములను నెలకొల్పిరి. నేడు అక్షరము వచ్చినవానికిని పరభాషలోని ఒప్పందపత్రము అర్థమగుట లేదు. ప్రతి పఠనమందిరమునను వారమునకొకనాడు సాయంకాలము, తెలిసినవారొకరు కూర్చుండి, విదేశమునకు పోవువాని పత్రములను తెలుగున చదివి చెప్పవలెను. దళారి పేరు నమోదు పట్టికలో నున్నదో లేదో అక్కడనే వెదకి చూపవలెను. ఖర్చు స్వల్పము. ఒక్క యువకుడు రేవునుండి వెనుకకు తిరిగినను ఆ సాయంకాలము సార్థకమగును. ఆంగ్లపు పలుకుబళ్ల పట్టికను కంఠస్థము చేయు విద్యార్థులే ఈ పనికి ముందుకు వత్తురుగాక.